కిడ్నీ రాయికి చైనా మూలికలా, మాత్రలా, లేజరా: ఎవరికి ఏది నప్పుతుంది

చైనా మూలికల మందు వాడొచ్చా అని ఎవరైనా అడిగితే ముందు మూడు సంగతులు తెలియాలి. రాయి ఎన్ని మిల్లీమీటర్లుంది? కిడ్నీలోనే ఉందా, కిందికి యురేటర్‌లోకి, అంటే కిడ్నీ నుంచి మూత్రాశయానికి వెళ్లే సన్నని గొట్టంలోకి జారిందా? జ్వరం, చలి ఏమైనా ఉన్నాయా? ఈ మూడూ తెలియకుండా మూలికలు గొప్పవా, లేజర్ గొప్పదా అని వాదించుకోవడం సరుకు చూడకుండా బేరమాడటం లాంటిది.

చైనాలో ఎంబీబీఎస్ చదివే మన పిల్లలూ సింగపూర్‌లో, మలేషియాలో ఉద్యోగాలు చేసే తెలుగువాళ్లూ అక్కడి మందుల షాపుల్లో ఇలాంటివి చూస్తుంటారు. వేడినీళ్లలో కలుపుకుని తాగే 'పాయ్ షీ' (అంటే రాయిని బయటికి పంపేవి) కణికల పొట్లాలు, మాత్రలు, ఎండబెట్టిన ఆకుల కట్టలు. సెలవులకు వచ్చేటప్పుడు నాన్నగారి కోసమో బాబాయి కోసమో ఒక డబ్బా సూట్‌కేసులో పడుతుంది. దాని మీద రాసిందంతా చైనా లిపిలోనే ఉంటుంది. అసలు చిక్కు అక్కడే ఉంది, ఆ సంగతి కాసేపట్లో చెబుతాను.

ఏ మందూ వేసుకోకపోతే?

ఏ మందునైనా దీనితోనే పోల్చాలి. 2007లో అమెరికా, యూరప్ యురాలజీ సంఘాలు కలిసి పాత అధ్యయనాలన్నీ కూడి చూస్తే, యురేటర్‌లోకి దిగిన 5 మి.మీ. లోపు రాళ్లలో 68 శాతం వాటంతట అవే పడిపోయాయి. 5 నుంచి 10 మి.మీ. మధ్య రాళ్లలో 47 శాతం. రాయి మూత్రాశయానికి దగ్గరగా ఉన్నకొద్దీ ఈ అవకాశం ఇంకా పెరుగుతుంది. పడిపోయేవి ఎక్కువగా నాలుగు నుంచి ఆరు వారాల్లోపే పడిపోతాయి.

అంటే 4 మి.మీ. రాయి ఉన్న పదిమందికి పది రకాల ఆకులు నూరి ఇస్తే, ఆరేడుగురు తమ ఆకు అద్భుతమనే చెబుతారు. కొండపిండి ఆకు రసం, ఉలవకట్టు, అరటిదవ్వ రసం, చైనా కషాయం, బీరు కూడా ఇలాగే పేరు తెచ్చుకున్నాయి. వీటిలో ఏదీ పనిచేయదని నేను అనడం లేదు. 'మా రూమ్మేట్‌కి వారంలో పడిపోయింది' అనే మాట సాక్ష్యం కిందికి రాదు, అంతే.

చైనాలో ఈ మందుల్ని ఎలా వాడతారు

పాత చైనా వైద్యంలో ఈ జబ్బు పేరు 'షీ లిన్'. కడుపు కింది భాగంలో తేమ, వేడి పేరుకుపోయి, మూత్రం మరిగి మరిగి రాయిగా మారుతుందని వాళ్ల సిద్ధాంతం. అందుకే వాళ్ల మందుల్లో మూత్రం ధారాళంగా పోయించేవి, వాళ్ల భాషలో 'వేడి' తగ్గించేవి ఎక్కువ. అన్నిటికంటే ముందు వినిపించే పేరు జిన్ చియాన్ ట్సావ్ అనే మూలిక. దీనికి తోడు హాయ్ జిన్ షా అనే ఒక ఫెర్న్ మొక్క బీజాల పొడి, జీ నేయ్ జిన్ అనే కోడి కందనకాయ లోపలి పొర. ఈ మూడూ కలిపి కాచే కషాయం బాగా వాడుకలో ఉంది. ఇవి కాక మన ఇసబ్‌గోల్‌కు దగ్గరి చుట్టమైన ఒక మొక్క గింజలు, షీ వేయ్ అనే మరో ఫెర్న్ ఆకు, టాల్కు రాతిపొడి కూడా వేస్తారు. సాంగ్ రాజుల కాలం నుంచి వస్తున్న 'బా జెంగ్ సాన్' అనే ఎనిమిది దినుసుల చూర్ణం మరొకటి. ఇది ముఖ్యంగా మూత్రంలో మంట, మూత్రం చుక్కలుచుక్కలుగా రావడం ఉన్నవాళ్లకు.

1970లలో చైనా ఆసుపత్రుల్లో 'సమగ్ర దాడి' పేరుతో ఒక పద్ధతి నడిచింది. రోగికి గంటల లెక్కన షెడ్యూలు వేసేవారు. ఫలానా సమయానికి కషాయం, తర్వాత లీటర్లకొద్దీ నీళ్లు, మూత్రం జారీ చేసే మందు, ఆక్యుపంక్చర్, యురేటర్ బిగువు సడలించే ఇంజెక్షన్, చివర్లో మెట్లు దిగడం, గెంతడం. అందులో కషాయం పాలెంత, నీళ్ల పాలెంత, గెంతుల పాలెంత అంటే ఎవరు చెప్పగలరు? ఇప్పుడు గెంతుల పని చేయడానికి అక్కడి ఆసుపత్రుల్లో కంపించే బల్లలు కూడా వచ్చాయి.

మనవాళ్లు సాధారణంగా గమనించని సంగతి ఇంకోటి ఉంది. నేటి చైనా పట్టణాల్లో రాయి ఉన్న మనిషి మూలికల వైద్యుడి దగ్గరికి వెళ్లినా స్కానింగ్ చేయిస్తారు. రాయి పెద్దదైతే లిథోట్రిప్సీ యంత్రంతో పగలగొడతారు, లేదా లేజర్ వాడతారు. ఆ తర్వాత ముక్కలు బయటికి పోవడానికి కణికల పొట్లాలు రాసిస్తారు. మూలికలు అక్కడ సహాయకుడి పాత్రలో ఉన్నాయి. సూట్‌కేసులో మన దగ్గరికొచ్చేసరికి ఆ సహాయకుడే హీరో అయిపోతున్నాడు.

పనిచేస్తాయా?

ప్రయోగశాలలో కొంత ఆశ ఉంది. జపాన్‌లో ఎలుకలపై చేసిన పనిలో, దక్షిణ చైనాలోని గువాంగ్‌డాంగ్ వైపు వాడే రకం జిన్ చియాన్ ట్సావ్ నుంచి తీసిన పదార్థం క్యాల్షియం రాళ్లు ఏర్పడటాన్ని తగ్గించింది. రాళ్లు కట్టకుండా అడ్డుకునే సిట్రేట్ మూత్రంలో పెరగడం అందుకు ఒక కారణంగా కనిపించింది. మనుషులపైనా చైనాలో చాలా పరీక్షలు జరిగాయి. ఎక్కువవాటిలో ఫలితం మూలికలకు అనుకూలమే. అయితే వాటిలో చాలామటుకు చిన్నవి. ఏ మందు వేసుకుంటున్నారో రోగికీ తెలుసు, డాక్టరుకీ తెలుసు. కషాయంతో పాటు మామూలు మందులూ ఇచ్చారు. అలాంటి పరీక్షల మీద నేనైతే పెద్ద పందెం కాయను.

ఇటీవల కాస్త గట్టి అడుగు పడింది. అదే మొక్కలోని ఫ్లేవనాయిడ్లు అనే పదార్థాలను విడదీసి చేసిన ఒక క్యాప్స్యూల్‌ను, యురేటర్ రాళ్ల కోసం చైనా ఔషధ నియంత్రణ సంస్థ 2022లో అనుమతించింది. ఒకే మొక్క, కొలిచిన మోతాదు, ఒక నిర్దిష్టమైన అవసరం. ఇరవై దినుసుల పొట్లం కంటే ఈ దారి నయం. గమనించాల్సిందేమిటంటే, ఇది కూడా యురేటర్‌లోకి దిగిన రాయిని బయటికి పంపడానికే. కిడ్నీలో కూర్చున్న పెద్ద రాయిని కరిగిస్తుందని ఎవరూ చెప్పలేదు.

కరిగించడం గురించి ఒక్క మాట. మనవాళ్ల రాళ్లలో ఎక్కువ భాగం క్యాల్షియం ఆక్సలేట్. ఒకసారి గట్టిపడ్డాక దాన్ని తాగే మందుతో కరిగించే దారి లేదు. చైనా మూలికకూ లేదు, మన మూలికకూ లేదు, ఇంగ్లిష్ మందుకూ లేదు. కరిగేవి యూరిక్ యాసిడ్ రాళ్లు. పొటాషియం సిట్రేట్ ఇచ్చి మూత్రం ఆమ్లత్వం తగ్గించి, పీహెచ్ 6.5, 7 మధ్య నిలిపితే వారాల్లో, నెలల్లో కరుగుతాయి. ఇవి మామూలు ఎక్స్‌రేలో కనిపించవు, సీటీలో కనిపిస్తాయి. షుగర్, అధిక బరువు ఉన్నవాళ్లలో ఎక్కువ. కాబట్టి 'రాయిని కరిగించే మందు' కావాలంటే ముందు మీ రాయి ఆ జాతిదో కాదో చూపించుకోండి. ఎంతోమందికి చవకగా తేలిపోయే పని ఇది. దీన్ని దాటేసి ఖరీదైన పొట్లాల వెంట పడటం చూస్తే బాధేస్తుంది.

పొట్లంలో ఏముందో ఎవరికి తెలుసు

ఇందాక చెప్పిన చిక్కు ఇదే. జిన్ చియాన్ ట్సావ్ అని అమ్మేది ఒకే మొక్క కాదు. చైనా అధికారిక ఔషధ పట్టికలో ఆ పేరుతో ఉన్నది సిచువాన్ వైపు పెరిగే లైసిమాకియా మొక్క. గువాంగ్‌డాంగ్ వైపు వాడేది చిక్కుడు కుటుంబానికి చెందిన డెస్మోడియం. అది పట్టికలో వేరే పేరుతో ఉంది. రాళ్లపై ప్రయోగశాల పరీక్షలు ఎక్కువగా జరిగింది ఈ రెండోదానిపైన. గుండ్రటి ఆకులున్న మరో మొక్కకు కూడా దాదాపు ఇదే పేరు. మోతాదులూ వేరు. పట్టిక ప్రకారం మొదటిది రోజుకు 15 నుంచి 60 గ్రాములు, రెండోది 15 నుంచి 30 గ్రాములు. అందువల్ల ఒక మొక్క మీద వచ్చిన ఫలితాన్ని చూసి ఇంకో మొక్క కొనే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

అంతకంటే భయపెట్టేది మూ టోంగ్ కథ. బా జెంగ్ సాన్‌లో మూ టోంగ్ అనే కాండం పడుతుంది. అసలైతే అది అకేబియా తీగ. కానీ చాలా ఏళ్లపాటు ఆ స్థానంలో గ్వాన్ మూ టోంగ్ వాడారు. అది అరిస్టోలోకియా జాతి మొక్క. అందులోని అరిస్టోలోకిక్ ఆమ్లం కిడ్నీని ఎండగట్టేస్తుంది, మూత్రనాళాల్లో క్యాన్సర్‌కూ దారితీస్తుంది. 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లోని ఒక బరువు తగ్గించే క్లినిక్‌లో చైనా మూలికల మాత్రలు వాడిన ఆడవాళ్లలో వందమందికి పైగా కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఫాంగ్ జీ అనే మూలిక బదులు పేరు దగ్గరగా ఉన్న అరిస్టోలోకియా వేరు పడటమే కారణం. కొందరికి తర్వాత క్యాన్సర్ వచ్చింది. బాల్కన్ దేశాల్లో తరాలుగా పీడిస్తున్న కిడ్నీ జబ్బుకు కూడా ఇదే ఆమ్లం కారణమని తేలింది. 2003లో చైనా గ్వాన్ మూ టోంగ్‌ను ఔషధాల నుంచి తొలగించింది. కిడ్నీ రాయి కోసం తాగిన కషాయం కిడ్నీనే పోగొట్టగలిగిన రోజులవి. అధికారికంగా తొలగించినా, ఎక్కడో తయారైన పొడి ఏ కాండం నుంచి వచ్చిందో మనం వంటింట్లో కూర్చుని చెప్పలేం.

ఈ జాతి మొక్కలు మనకూ కొత్త కావు. గాడిదగడపాకు, ఈశ్వరి రెండూ అరిస్టోలోకియాలే. పల్లెల్లో వీటిని రకరకాల జబ్బులకు లోపలికి ఇచ్చే అలవాటుంది. కిడ్నీ విషయంలో వీటి జోలికి వెళ్లకండి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం లాంటి ప్రాంతాల్లో ఉన్నవాళ్లు, ఇప్పటికే క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష అంకె) పెరిగినవాళ్లు పేరు తెలియని ఏ మూలికకైనా దూరంగా ఉండటం మంచిది.

చిన్న హెచ్చరికలు మరికొన్ని. ఇలాంటి మిశ్రమాల్లో అతిమధురం ఉంటే, ఎక్కువ రోజులు తాగినప్పుడు బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు జాగ్రత్త. దా హ్వాంగ్, అంటే మన పచారీ కొట్లలో దొరికే రేవల్‌చిన్నికి చుట్టం, ఉంటే విరేచనాలవుతాయి. ఒంట్లో నీరు తగ్గితే రాళ్లకు అది ఇంకా చెడు. గర్భిణులకు ఈ మిశ్రమాలు వద్దు. ఇంకో సంగతి, మన ఆయుష్ వ్యవస్థలో చైనా మూలికా వైద్యం లేదు. తేడా వస్తే ఇక్కడ అడగడానికి బాధ్యుడంటూ ఎవరూ ఉండరు.

మిగతా దారులు

టామ్సులోసిన్ మాత్ర గురించి చాలామంది విన్నారు. ప్రోస్టేట్ మందు, యురేటర్ కింది భాగాన్ని సడలిస్తుంది. దీని మీద పెద్ద పరీక్షలున్నాయి, అవి ఒకదానితో ఒకటి ఏకీభవించవు. బ్రిటన్‌లో వెయ్యిమందికి పైగా రోగులపై చేసి 2015లో ప్రకటించిన పరీక్షలో లాభం కనిపించలేదు. చైనాలోనే 30 ఆసుపత్రుల్లో 3,296 మందిపై చేసిన పరీక్ష 2018లో వచ్చింది. మాత్ర వేసుకున్నవాళ్లలో 86 శాతానికి, మందు లేని ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 79 శాతానికి రాయి పడిపోయింది. ఆ తేడా కూడా 5 మి.మీ. దాటిన రాళ్లలోనే. చిన్న రాళ్లకు రెండూ ఒకటే. ఇది మహత్తర మందేమీ కాదు, కానీ దాని లాభం ఎంతో అంకెల్లో తెలుసు. మూలికల విషయంలో ఆ అంకె ఇంకా నమ్మకంగా చేతికి రాలేదు. నన్నడిగితే 5 నుంచి 10 మి.మీ. రాయి యురేటర్ కింది భాగంలో ఉన్నప్పుడు మొదట ఈ మాత్రనే ఎంచుకోవాలి. లేచి నిలబడితే తల తిరగొచ్చు, మగవాళ్లలో వీర్యం తక్కువగా రావొచ్చు. శుక్లాల ఆపరేషన్ చేయించుకోబోతున్నవాళ్లు కంటి డాక్టరుకు తప్పక చెప్పాలి.

నొప్పికి డైక్లోఫెనాక్ లాంటివి బాగా పనిచేస్తాయి, కిడ్నీ పనితీరు బాగున్నవాళ్లకు మాత్రమే.

బయటి నుంచి తరంగాలతో రాయి పగలగొట్టే పద్ధతిని మనిషిపై మొదట వాడింది 1980లో మ్యూనిక్‌లో. కత్తి గాటు ఉండదు. కిడ్నీలో 2 సెం.మీ. లోపు రాళ్లకు సరిపోతుంది. కిడ్నీ అడుగు భాగంలో ఉన్న రాయి, బాగా గట్టి రాయి అయితే ఫలితం తక్కువ. రెండోసారి చేయాల్సి రావొచ్చు. గర్భిణులకు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు పనికిరాదు. ఈ పద్ధతి తర్వాత, పగిలిన ముక్కలు బయటికి వచ్చే రోజుల్లో, మూలికలకు కాస్తో కూస్తో చోటు ఉంది.

లేజర్ పద్ధతిలో మూత్రదారి గుండానే సన్నని గొట్టం పంపి రాయిని పొడి చేస్తారు. యురేటర్‌లో 1 సెం.మీ. దాటిన రాళ్లకు, ఎదురుచూసినా కదలని రాళ్లకు ఇదే ఉత్తమం. తర్వాత స్టెంట్, అంటే యురేటర్‌లో కొన్నాళ్లు ఉంచే సన్నని గొట్టం, వేస్తే కొన్నాళ్లు మంట, మాటిమాటికీ మూత్రం, నడుములో లాగుడు ఉంటాయి. జనం ఎక్కువగా తిట్టుకునేది లేజర్‌ను కాదు, స్టెంట్‌ను. దాన్ని తీయించుకోవాల్సిన తేదీ రాసిపెట్టుకోండి. మరచిపోయిన స్టెంట్ మీద మళ్లీ రాళ్లు కడతాయి. ఇక 2 సెం.మీ. దాటిన కిడ్నీ రాయికి వీపు నుంచి చిన్న రంధ్రం పెట్టి తీసే పీసీఎన్ఎల్. ఆరోగ్యశ్రీలో, ఆంధ్రలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవలో, రాళ్ల చికిత్సలు ఉన్నాయి. మీకు దగ్గర్లో ఏ ఆసుపత్రి ఆ జాబితాలో ఉందో ముందే కనుక్కోండి. డబ్బు లేక మూలికలతో నెట్టుకొస్తున్నవాళ్లకు ఇది ముఖ్యం.

ఎవరికి ఏది

జ్వరం, చలితో పాటు రాయి నొప్పి ఉంటే ఏ పోలికా వద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. రాయి అడ్డుపడిన చోట చీము పట్టిందంటే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. ఒకే కిడ్నీ ఉన్నవాళ్లు, మూత్రం పూర్తిగా ఆగినవాళ్లు, వాంతులు తగ్గనివాళ్లు కూడా అంతే.

5 మి.మీ. లోపు రాయి, నొప్పి అదుపులో ఉంది, కిడ్నీ వాపు పెద్దగా లేదు: నీళ్లు, నొప్పి మాత్ర, ఓపిక. ఇలాంటప్పుడు కావాలంటే మూలికలు వాడుకోవచ్చు. లాభం ఉంటే ఉంటుంది, లేకపోయినా రాయి పోయే అవకాశమే ఎక్కువ.

కిడ్నీలో 15 మి.మీ. రాయి ఉండి, నొప్పి లేదు కదా అని ఏడాదిపాటు పొట్లాలు తాగేవాళ్లతోనే నాకు పేచీ. నొప్పి లేకపోవడం శుభవార్త అని అందరూ అనుకుంటారు. కొన్నిసార్లు రాయి యురేటర్‌లో గట్టిగా ఇరుక్కున్నాక నొప్పి తగ్గిపోతుంది, పైన కిడ్నీ మాత్రం ఉబ్బుతూ నెమ్మదిగా పని మానేస్తుంది. మూలికలు చేసే అసలు నష్టం ఎక్కువగా వాటిలోని విషం వల్ల రాదు, వాటి పేరుతో పోయే కాలం వల్ల వస్తుంది. అందుకే ఏది వాడినా నాలుగు వారాలకు మళ్లీ స్కానింగ్ చేయించాలి. రాయి కనబడకపోతే సరే. అక్కడే ఉంటే ఆరు వారాలు దాటకుండా యురాలజిస్టును కలవాలి.

మరి మన కొండపిండి ఆకు, పల్లేరు కషాయం సంగతి? సాక్ష్యం విషయంలో అవి చైనా మందులకంటే మెరుగేమీ కాదు. ఒక్క తేడా ఉంది. కొండపిండిని మీ పెరట్లోనే గుర్తుపట్టగలరు. పేరు తెలిసిన ఒక్క మొక్క, పేరు తెలియని పన్నెండు దినుసుల పొడి కంటే నయమని నా అభిప్రాయం. ఉలవకట్టు తాగితే తాగండి, ఉప్పు తగ్గించి.

చైనా మందే వాడతామంటే

డబ్బా మీద ఉన్న దినుసుల పట్టికను ఫొటో తీసి, చైనా భాష వచ్చినవాళ్లతో ఒక్కో పేరూ చదివించుకోండి. మూ టోంగ్, ఫాంగ్ జీ అనే పేర్లు కనిపిస్తే పక్కన పెట్టేయండి. అవి మంచి రకమే అయినా సరే, మన దగ్గర తేల్చుకునే మార్గం లేదు. ఒకే మొక్కతో చేసిన, ఆసుపత్రి చీటీ మీద కొన్న మందు మేలు. మొదలుపెట్టేముందు క్రియాటినిన్ చూపించుకోండి, నెల తర్వాత మళ్లీ చూపించుకోండి. యురాలజిస్టు దగ్గర దాచొద్దు. తిడతారని దాచిపెడితే, రేపు క్రియాటినిన్ పెరిగినప్పుడు కారణం వెతుక్కోవడం కష్టమవుతుంది.

వాడే రోజుల్లో కషాయం తాగాం కదా అని నీళ్లు తగ్గించకండి. ఇటలీలో 199 మందిని ఐదేళ్లు గమనించి 1996లో ప్రకటించిన పరీక్షలో, రోజుకు రెండు లీటర్లకు మించి మూత్రం పోయేంత నీళ్లు తాగినవాళ్లలో 12 శాతానికే మళ్లీ రాయి వచ్చింది. మిగతావాళ్లలో 27 శాతానికి వచ్చింది. రాళ్ల మందుల్లో ఇంత మంచి ఫలితం ఇచ్చినవి అరుదు. రామగుండం, రెంటచింతల ఎండల్లో పనిచేసేవాళ్లయితే చెమట లెక్క కూడా కలిపి తాగాలి. పాలు, పెరుగు మానేయకండి. క్యాల్షియం మానేస్తే ఆక్సలేట్ ఎక్కువగా ఒంటికి పట్టి రాళ్లు పెరుగుతాయి. తగ్గించాల్సింది ఉప్పు, ఊరగాయ, మాంసం.

రాయి పడే రోజుల్లో మూత్రాన్ని టీ వడపోసే జాలీలో పోయండి. దొరికిన రాయిని కాగితంలో చుట్టి ల్యాబ్‌కు పంపితే అది ఏ జాతిదో తేలుతుంది. యూరిక్ యాసిడ్ అని తేలితే ఇక మూలికల ప్రశ్నే లేదు. డాక్టరు చెప్పిన మోతాదులో సిట్రేట్, సరిపడా నీళ్లు, మాంసం తగ్గింపు. వాటితోనే సరిపోతుంది.